నైరుతి కిటికీలో రౌటరు

కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. "ఆంటీ, ఏ రౌటరు మంచిది?" నాకు ఒళ్ళు మండే ప్రశ్న ఇది. రోగం ఏమిటో చెప్పకుండా మందు పేరు అడిగినట్టు ఉంటుంది. ఇల్లు ఎక్కడుంది, టవరు ఎటువైపుంది, గోడలు దేనితో కట్టారు, ఇంటర్నెట్ ఆగిపోతే ఆ ఇంట్లో ఎవరికి ఏం నష్టం? ఇవేవీ అడగకుండా డబ్బా పేరు చెప్పేవాడు సరుకు అమ్ముకునేవాడే గానీ పని తెలిసినవాడు కాదు.

రిటైరయ్యాక తీరిక దొరికింది. ఆక్లాండ్‌లోని న్యూ లిన్‌లో మా అపార్ట్‌మెంటు బాల్కనీలో కూర్చుని, కింద రైళ్ళు వస్తూ పోతూ ఉంటే, ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతీ సర్టిఫికెట్ల సంగతీ రాయను. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. ఎక్కువ భాగం ఒక ఇంటి గురించే రాస్తాను. మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ గురించి నేను నేర్చుకున్నదంతా ఆ ఇంట్లోనే నాకు అక్కరకొచ్చింది.

సార్ రాలేదా?

నా పేరు వసుంధర. కాకినాడలో ఉన్నప్పుడు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేశాను. ఆక్లాండ్ వచ్చాక కొన్నాళ్ళు కాల్ సెంటర్లో కూర్చుని "ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి" అని చెప్పే ఉద్యోగం చేశాను. ఆ మాట చెప్పీ చెప్పీ విసుగెత్తిపోయి, ఇళ్ళకు వెళ్ళి చూసే పని ఇస్తామన్న ఒక చిన్న కంపెనీలో చేరాను. ఫైబర్ తీగ రాని ఇళ్ళకు, ఫోనుకు వచ్చే సిగ్నలుతోనే ఇంటర్నెట్ ఏర్పాటు చేయడం మా పని. ఆ రౌటరులో కూడా ఫోనులో ఉన్నట్టే ఒక సిమ్ కార్డు ఉంటుంది. అది టవరు నుంచి ఇంటర్నెట్ తెచ్చి ఇంట్లో వైఫైగా పంచుతుంది.

నిచ్చెన పట్టుకుని నేను తలుపు కొడితే కివీలు, అంటే ఈ దేశంవాళ్ళు, లోపలికి రమ్మనేవారు. మనవాళ్ళు మాత్రం నా భుజం మీదుగా వెనక్కి చూసేవారు. "సార్ రాలేదా అండీ?" అని ఒకావిడ అడిగింది. "సార్ ఇంట్లో వంకాయ కూర చేస్తున్నారు, నేను వచ్చాను" అన్నాను. నిజమే చెప్పాను, మా ఆయన వంకాయ కూర బ్రహ్మాండంగా చేస్తారు. ఆవిడ నవ్వి దారి వదిలింది, ఆ తర్వాత టీ కూడా ఇచ్చింది. అమ్మాయిలు ఎవరైనా ఈ పనిలోకి వస్తుంటే ఒక మాట చెబుతున్నాను. ఆ చూపుకు కోపం తెచ్చుకోకండి. పని మొదలుపెట్టాక అది దానంతటదే పోతుంది. పోకపోతే అప్పుడు తెచ్చుకోండి.

నీలం లైటు

మా కంపెనీ యజమాని పేరు గ్రెగ్. మంచి మనిషి, చెడ్డ బాసు. నిచ్చెన ఎక్కితే దిగేదాకా మాటల్లేకుండా పనిచేసేవాడు. యాంటెన్నా నుంచి రౌటరు దాకా తీగ ఎంత పొడుగైతే సిగ్నలు అంత కారిపోతుందని నాకు నేర్పింది అతనే. ఆ ఒక్క పాఠానికి అతనికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

కానీ అతనికి ఒక నమ్మకం ఉండేది. రౌటరు మీద నీలం లైటు వెలిగిందంటే పని అయిపోయినట్టే. "లైటు వచ్చిందా? అయితే బండెక్కు" అనేవాడు. నీలం లైటు చెప్పేది టవరు కనబడుతోందని మాత్రమే. ఆ టవరు మన మాట వినిపించుకునే తీరికలో ఉందో లేదో అది చెప్పదు. ఫోను మీద కనబడే గీతలు కూడా అంతే. రౌటరు లోపలి పేజీ తెరిస్తే రెండు అంకెలు కనబడతాయి. ఒకటి సిగ్నలు ఎంత బలంగా ఉందో చెబుతుంది, రెండోది ఎంత శుభ్రంగా ఉందో చెబుతుంది. కొత్తవాళ్ళు మొదటిది చూసి మురిసిపోతారు. నన్నడిగితే రెండోదాన్నే చూడండి. పెళ్ళి పందిట్లో పక్కన నిలబడి గట్టిగా అరిచేవాడి మాటకంటే, నిశ్శబ్దంగా ఉన్న గదిలో దూరం నుంచి చెప్పిన మాట బాగా వినబడుతుంది కదా, ఇదీ అంతే.

అద్దాలు, దిండ్లు

అసలు ఇంటికి వెళ్ళే ముందు రెండు చిన్న ముచ్చట్లు చెబుతాను.

సిటీ సెంటర్లో ఒక ఫ్లాట్‌లో మన స్టూడెంట్లు ఉండేవారు. వాళ్ళ ఇంటర్నెట్ అంతా ఒక కుర్రాడి ఫోను మీదే నడిచేది. ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, ఛార్జింగ్‌లో ఉంచి, పడిపోకుండా రెండు దిండ్ల మధ్య ఇరికించారు. నేను వెళ్ళేసరికి ఫోను వీపు ఉబ్బి గుమ్మడికాయలా ఉంది. "ఆంటీ, స్లో అయింది" అన్నారు. "స్లో అవడం కాదు నాయనా, ఇంకాస్త ఉంటే అంటుకునేది" అన్నాను. ఫోను ప్రయాణాల్లో ఆదుకోవడానికే. రోజంతా ఇంటిని మోసే పని దానికి పెట్టకండి.

రెండోది హాబ్సన్‌విల్‌లో. తళతళలాడే కొత్త ఇల్లు, ఫైబర్ కనెక్షన్ ఇంకా రాలేదు, అది వచ్చేదాకా మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ పెట్టుకున్నారు. డెక్ మీద, అంటే ఇంటి బయటి చెక్క అరుగు మీద, నిలబడితే ఇంటర్నెట్ పరుగులు పెడుతోంది, తలుపు మూసి లోపలికొస్తే చతికిలపడుతోంది. ఇంటాయన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. మూడు రౌటర్లు మార్చాడు, మూడూ పనికిరానివని తేల్చాడు. తప్పు రౌటరుది కాదు. చలి లోపలికి రాకుండా కొత్త ఇళ్ళ కిటికీల జంట అద్దాలకు పలచటి లోహపు పూత పూస్తారు. అది చలితోపాటు సిగ్నలునూ ఆపేస్తుంది. చిన్న యాంటెన్నా ఒకటి బయట పెట్టి తీగ లోపలికి లాగితే సరిపోయింది. మూడు రౌటర్ల డబ్బు వృథా అయిందని ఆయన భార్య ఆయన్ని చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది.

ఇంటర్‌ప్రిటర్ అమ్మాయి

హాబ్సన్‌విల్ దాటి పడమరగా పోతే ఇళ్ళు పలచబడతాయి. ద్రాక్షతోటలు, స్ట్రాబెర్రీ పొలాలు, గుర్రాల షెడ్లు వస్తాయి. అక్కడ ఒక తోట పక్కన పాత చెక్క ఇంట్లో శైలజ అద్దెకు ఉండేది. నల్గొండ అమ్మాయి. స్టూడెంటుగా వచ్చి ఇక్కడే స్థిరపడింది. భర్త ఆ తోటలోనే సూపర్‌వైజరు. ఆ రోడ్డులో ఫైబర్ లేదు. కప్పు మీద శాటిలైట్ డిష్ బిగిస్తామంటే ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ తప్ప గతిలేదు. మా ఇంటి దగ్గర డెయిరీ, అంటే ఇక్కడి చిల్లర కొట్టు, నడిపే ఆవిడ నా పేరు చెబితే ఫోన్ చేసింది.

"ఆంటీ, నేను హాస్పిటల్ ఇంటర్‌ప్రిటర్‌ని" అంది. "మన పెద్దవాళ్ళు డాక్టర్ దగ్గరికి పోతరు గదా, ఇంగ్లీష్ రానోళ్ళు. నేను ఇంట్ల కూర్చొని లైన్‌ల ఉంటా. డాక్టర్ చెప్పింది తెలుగుల చెప్తా, వీళ్ళు చెప్పింది ఇంగ్లీష్‌ల చెప్తా. మా ఇంట్ల ఫోన్ సిగ్నల్ కూడా సరిగ్గ రాదు, అంతా ఇంటర్నెట్ మీదనే."

"మరి ఏమైంది?"

లైను పోయిందేమో అనుకున్నాను. ఆ అమ్మాయి గొంతు సరిచేసుకుంటోంది.

"మొన్న ఒక డాక్టర్ స్కాన్ రిజల్ట్ చెప్తున్నడు. మధ్యలనే నా లైన్ కట్ అయింది. మళ్ళ కనెక్ట్ అయ్యేసరికి అపాయింట్‌మెంట్ టైమ్ అయిపోయింది, వాళ్ళు వెళ్ళిపోయిన్రు. ఆ పెద్దమనిషి ఎవరన్నది నేను చెప్పొద్దు ఆంటీ, రూల్. కానీ ఆయనకు సగమే చెప్పిన. ఆ సగం మంచిగున్న సగం. మిగిలింది ఎవరు చెప్పిన్రో, ఎట్ల చెప్పిన్రో నాకు తెల్వదు. రోజూ యాదికొస్తడు. ఇంకోసారి ఇట్లయితే నాకు ఇంక కాల్స్ ఇయ్యం అని ఏజెన్సీ వాళ్ళు చెప్పేసిన్రు."

నా ఉద్యోగంలో ఎక్కువమంది సినిమా ఆగిపోయిందని, ఆట ఆగిపోయిందని నన్ను పిలిచారు. వాళ్ళను తక్కువ చేయడం లేదు, వాళ్ళ బాధ వాళ్ళది. కానీ ఆ రోజు ఫోను పెట్టేశాక నాకు టీ తాగాలనిపించలేదు. నిచ్చెన బండికెత్తుకుని బయల్దేరాను.

ఒళ్ళో వచ్చిన రౌటరు

తలుపు తీసింది శైలజ మామగారు, నరసింహం గారు. రిటైరైన లెక్కల మాస్టారు. భార్య పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. తెల్లటి లుంగీ, దాని మీద ఉన్ని స్వెట్టరు. "సార్ రాలేదా?" అని మాత్రం అడగలేదు. అందుకు ఆయన అప్పుడే నాకు నచ్చారు.

"రౌటరు ఎక్కడుంది అన్నయ్యగారూ?"

ఆయన నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి సరుకుల అలమర తలుపు తీశారు. కందిపప్పు, మినప్పప్పు, బియ్యం, చింతపండు, అన్నీ ఇండియా నుంచి మోసుకొచ్చిన స్టీలు డబ్బాల్లో. ఆ డబ్బాల వెనక, ప్రెషర్ కుక్కర్ పక్కన, రౌటరు. దాని మీద నీలం లైటు బ్రహ్మాండంగా వెలుగుతోంది.

"ఇక్కడెందుకు పెట్టారండీ?"

"ఇది ఆగ్నేయం. అగ్ని స్థానం. కరెంటు వస్తువు ఆగ్నేయంలనే ఉండాలె" అన్నారు. "ఇక్కడ సూర్యుడు ఉత్తరం దిక్కు నుంచి పోతడు, అది నాకు ఎరుకే. దాని మీద మస్తు ఆలోచన చేసిన. ఎటునుంచి పోయినా పొడిచేది తూర్పుననే గదా? కాబట్టి ఆగ్నేయం ఆగ్నేయమే."

లెక్క తప్పులేదు. అలమర తప్పు. అన్ని స్టీలు డబ్బాల మధ్య ఇరుక్కున్న రౌటరుకు బయటి ప్రపంచం వినబడదు. ఈ తప్పు నేను మన ఇళ్ళలోనే చూశాను. కివీల ఇళ్ళలో అన్ని స్టీలు డబ్బాలు ఉండవు.

పైగా ఆ రౌటరు హైదరాబాద్ నుంచి వచ్చింది. మాస్టారు అంగడంగడీ తిరిగి, ఉన్నవాటిలో ఖరీదైనది కొని, సూట్‌కేసులో పెడితే ఎక్కడ నలుగుతుందోనని తువ్వాలు చుట్టి విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. "కోడలికి నా చేతిమీదుగ ఇచ్చిన ఒక్క వస్తువు" అన్నారు.

వంటింటి కిటికీ గట్టు మీదికి మార్చడానికి ఒప్పించాను. అంకెలు బాగుపడ్డాయి. శైలజ ఒక టెస్ట్ కాల్ చేసింది, బాగానే వినబడింది. వారం తిరక్కుండానే మళ్ళీ ఫోన్ చేసింది. "పొద్దున మంచిగుంటది ఆంటీ. మధ్యాహ్నం బడి వదిలినంక ఊగుడు మొదలైతది."

గ్రెగ్‌కు చెబితే "లైటు నీలంగానే ఉందిగా" అన్నాడు. నేను నా సెలవు రోజున వెళ్ళాను. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎవరికి ఏ వేళలో ఇంటర్నెట్ కావాలో ఆ వేళలోనే వెళ్ళి చూడాలి. పొద్దున్నే ఖాళీగా ఉన్న టవరు దగ్గర ఏ డబ్బా అయినా పరుగెత్తుతుంది. పిల్లలందరూ ఇంటికొచ్చి తెరలు తెరిచాక నిలబడేదే నమ్మదగ్గది.

ఆ మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని రౌటరు లోపలి పేజీ చూస్తూ ఉన్నాను. అప్పుడు అర్థమైంది. టవరు పంపే తరంగాల్లో రకాలుంటాయి. కొన్ని ఎక్కువ మోస్తాయి గానీ దూరం పోలేవు. కొన్ని చెట్లూ మిట్టలూ దాటుకుని దూరం పోతాయి. ఈ దేశంలో ఊరి బయట ఇళ్ళను ఆదుకునేది ఆ దూరం పోయేవే. హైదరాబాద్‌లో కొన్న ఆ రౌటరుకు వాటిని అందుకునే ఏర్పాటే లేదు. అక్కడ దానికి ఆ అవసరం రాలేదు. అది చెడ్డ రౌటరు కాదు, ఈ నేలకు సరిపడనిది. టవరు ఖాళీగా ఉన్నంతసేపూ ఎలాగో వేలాడేది, రద్దీ పెరగగానే జారిపోయేది.

శైలజను డెక్ మీదికి పిలిచి సంగతి చెప్పాను. మొహం వాడిపోయింది.

"ఆంటీ, కొత్తది కొంట, అది ప్రాబ్లం కాదు. మామయ్యకు అది పనికిరాదని మాత్రం చెప్పొద్దు. ప్లీజ్. అత్తమ్మ పోయినంక ఆయన మనసుపెట్టి చేసిన మొదటి పని అది."

సీదా మాట

ఈ పనిలో మీకు కేబుళ్ళకంటే ఎక్కువ చిక్కులు పెట్టేవి ఇవి. ఇంటివాళ్ళు ప్రేమగా తెచ్చుకున్న వస్తువును మనం వెళ్ళి పీకెయ్యాలి. కొందరు టెక్నీషియన్లు కస్టమరు మొహం కూడా చూడకుండా పాతదాన్ని పెట్టెలో పడేసి చేతులు దులుపుకుంటారు. ఇంకొందరు మొహమాటపడి దాన్నే ఉంచేసి పోతారు. నాకు రెండూ నచ్చవు.

అదృష్టం ఏమిటంటే, ఇంజినీరింగు ఆ రోజు మా పక్షాన ఉంది. మొబైల్ బ్రాడ్‌బ్యాండులో రౌటరు రెండు పనులు చేస్తుంది. టవరు నుంచి తేవడం ఒకటి, ఇల్లంతా పంచడం ఇంకొకటి. తేవడానికి మంచి చోటు టవరు వైపున్న కిటికీ. పంచడానికి మంచి చోటు ఇంటి నడుమ, మనుషులు తిరిగే దగ్గర. ఈ రెండు చోట్లూ ఒకటి కావడం చాలా అరుదు. అయినా లోకమంతా ఒకే డబ్బాతో రెండు పనులూ చేయించాలని చూస్తుంది. నమ్మకమైన ఏర్పాటు కావాలంటే వాటిని విడదీయండి. సిమ్ ఉన్న డబ్బా కిటికీ దగ్గర, వైఫై పంచే డబ్బా ఇంటి నడుమ, మధ్యలో ఒక నెట్‌వర్క్ తీగ.

ఆ మాటే మాస్టారికి కాస్త బెల్లం పూసి చెప్పబోయాను. "అన్నయ్యగారూ, మీ రౌటరు బంగారం లాంటిది. పాపం, దానితో రెండు పనులు చేయిస్తున్నాం. పంచడంలో దానికి తిరుగులేదు. తేవడానికి మాత్రం ఇంకోటి..."

ఆయన చెయ్యెత్తి ఆపారు.

"తెచ్చుడు దీనితోని కాదంటవ్."

"కాదండీ."

"ఎంత చేసినా కాదు?"

"ఎంత చేసినా కాదు. ఇక్కడి టవర్ల పద్ధతి వేరు."

"అది సీదా చెప్పొచ్చు గదా చెల్లె! ఆ పిల్ల నోటికాడి కూడు పోతుంటే మీరిద్దరు బయట నిలబడి నా డబ్బా గురించి గుసగుసలా?" అన్నారు. శైలజ తల వంచుకుంది. "ఏం బిడ్డా, రోజంతా మందికి ఉన్నది ఉన్నట్టు చెప్తవు, ఇంట్ల నాకు చెప్పరాదా?"

నాకు సిగ్గూ వేసింది, ఆయన మీద గౌరవమూ కలిగింది. కాసేపటికి ఆయనే అడిగారు, "మరి పంచుడు? అది దీనితోని అయితదా?"

"అది దీని పనే. ఉత్త మాట కాదు, నిజంగా."

"ఆగ్నేయంల?"

"ఆగ్నేయంలోనే. కాకపోతే కందిపప్పు వెనక కాదు, ముందు."

ఆయన పకపకా నవ్వారు. శైలజ కళ్ళు తుడుచుకుని నవ్వింది.

నైరుతి

తర్వాతి వారం మా కంపెనీ నుంచి, యాంటెన్నా తగిలించుకునే పిన్నులున్న రౌటరు ఒకటి తీసుకెళ్ళాను. కొనమని చెప్పలేదు. పెట్టి చూసి, నిలబడితేనే కొనమన్నాను. గ్రెగ్ దీనికి ఒప్పుకున్నాడు, ఆ మాట కూడా రాయాలి.

రౌటరుకు పొడుగాటి ఎక్స్‌టెన్షన్ తీగ కట్టి, ఇల్లంతా దేవుడి పల్లకీలా ఊరేగించాం. మాస్టారు తీగ పట్టుకున్నారు, నేను అంకెలు చదివాను, శైలజ గది గదికీ రాసుకుంది. హాల్లో బలం బాగుంది, శుభ్రత లేదు. శైలజ పనిచేసుకునే గదిలో కిటికీ దగ్గర బలం కాస్త తక్కువైనా శుభ్రత చక్కగా ఉంది. టవరు అటువైపే, పైన్ చెట్ల వరుస అవతల. ఆ కిటికీకి ఆనుకునే డెక్ స్తంభం ఉంది. ఇంటి గోడకు ఒక్క మేకు కూడా కొట్టకుండా ఆ స్తంభానికి గొట్టం బిగించి, దాని మీద యాంటెన్నా పెట్టవచ్చు. తీగ రెండు బారల పొడుగు చాలు.

మాస్టారు స్తంభం దగ్గర నిలబడి చుట్టూ చూశారు. జేబులోంచి దిక్సూచి తీశారు. అమ్మో, మళ్ళీ మొదలైంది అనుకున్నాను.

"చెల్లె, ఇది నైరుతి గదా?"

"నైరుతే అనుకుంటానండీ."

"ఎంత ఎత్తు లేపుతవు?"

"కప్పుకంటే కొంచెం పైకి."

ఆయన మొహం విప్పారింది. "నైరుతి ఎత్తుండాలె. ఇంట్ల అన్నిటికంటే ఎత్తు నైరుతే ఉండాలె. ఇన్ని దినాలు ఇదే లోపం ఉన్నది. కట్టు చెల్లె, ఇంకింత పైకి కట్టు!"

నేను నిచ్చెన ఎక్కాను. కింద దాన్ని గట్టిగా పట్టుకుని ఆయనే నిలబడ్డారు. వాస్తు మీద నాకు నమ్మకం లేదు. ఆ రోజు మాత్రం దాన్ని ఒక్క మాట అనలేదు.

బడి వదిలే వేళకు శైలజ లాగిన్ అయింది. లోపల తలుపేసుకుంది, ఎందుకంటే ఆ మాటలు ఇంకెవరూ వినకూడదు. నేనూ మాస్టారూ డెక్ మీద కూర్చుని, ఫోనులో రౌటరు పేజీ తెరిచి చూస్తూ ఉన్నాం. వాన మొదలైంది. తోట మీదుగా పొగమంచులా వచ్చి రేకుల కప్పు మీద పడింది. అంకెలు కొద్దిగా అటూ ఇటూ కదిలాయి, పడిపోలేదు. మాస్టారు పరీక్ష హాల్లో కాపలా కాసినట్టు ఆ అంకెలమీంచి చూపు తిప్పలేదు. శైలజ తలుపు తీసుకుని వచ్చినప్పుడు మాకు అడగాల్సిన పనిలేకపోయింది.

"ఒక్కసారి గూడ కట్ కాలే" అని ఆయన ఒళ్ళో తల పెట్టి ఏడ్చేసింది. ఆయన ఆ తల నిమురుతూ నా వంక చూసి, "చూసినవా, నైరుతి" అన్నారు.

కొనే ముందు

పిల్లలూ, మీరు మళ్ళీ అడుగుతారని తెలుసు కాబట్టి చెబుతున్నాను. డబ్బాకంటే ముందు టవరు ఎక్కడుందో కనుక్కోండి. ఏ కంపెనీ సిమ్ ఆ ఇంట్లో, ఆ గదిలో, రద్దీ వేళలో నిలబడుతుందో చూడండి. పక్కింటివాళ్ళకు బాగున్న కంపెనీ మీ ఇంట్లో బాగుంటుందన్న పూచీ లేదు. వేరే దేశంలో కొన్న రౌటరు తీసుకొస్తే ఇక్కడి తరంగాలు అందుకుంటుందో లేదో ముందే అడగండి. యాంటెన్నా పిన్నులు ఉన్నదే తీసుకోండి, ఇవాళ అవసరం లేకపోయినా సరే. పెట్టె మీద రాసిన వేగాన్ని పట్టించుకోకండి. ఆ వేగం ఆ పెట్టెకు కూడా ఎప్పుడూ వచ్చి ఉండదు.

బతుకుదెరువు దాని మీదే ఉన్నవాళ్ళకు ఇంకో రెండు అవసరం. కరెంటు పోతే రౌటరును కాసేపు నిలబెట్టే చిన్న బ్యాటరీ ఒకటి, వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోను ఒకటి. శైలజ బల్ల మీద రెండూ పెట్టించాను. తరచూ వాడకపోయినా వాటి మీద దుమ్ము పట్టనివ్వదు ఆ పిల్ల.

పక్కగది

ఇది జరిగి చాలాకాలమైంది. నేను రిటైరయ్యాను. మా అత్తయ్య మాతోనే ఉంటుంది. కాకినాడ మనిషి, ఇంగ్లీషులో రెండే మాటలు వచ్చు, ఆ రెండూ డెయిరీలో పాలు కొనడానికి సరిపోతాయి. ఈ మధ్య ఆవిడ గుండె కవాటం అరిగిపోయిందని హాస్పిటల్‌కి రమ్మన్నారు.

ఇన్నాళ్ళూ డాక్టర్ల దగ్గర ఆవిడకు నేనే చెప్పేదాన్ని. ఈసారి డాక్టరు, వయసులో చిన్నదే, మర్యాదగానే అంది: "ఇది పెద్ద నిర్ణయం. కుటుంబసభ్యులు కాకుండా ఇంటర్‌ప్రిటర్ చెబితే మంచిది." బల్ల మీద ఫోను స్పీకరు ఆన్ చేసింది. కాసేపటికి ఒక గొంతు వచ్చింది. తన సంగతి చెప్పుకుని, ఇక్కడ మాట్లాడేది గోప్యంగా ఉంటుందనీ, చెప్పినదానికి ఏదీ కలపకుండా, తగ్గించకుండా చెబుతాననీ రెండు భాషల్లోనూ చెప్పింది. నేను పేరు చెప్పగానే ఒక్క క్షణం ఆగింది. "పేషెంట్ వెంట ఉన్నవారు నాకు పరిచయం. వారికి అభ్యంతరం లేకపోతేనే కొనసాగుతాను" అంది. శైలజ. అభ్యంతరం లేదన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

గోడ మీద గడియారం చూశాను. బడి వదిలే వేళ. కిటికీ బయట వాన. ఏళ్ళ తరబడి చేసిన ఉద్యోగం ఊరికే పోదు కదా, నాకు డాక్టరు మాటలకంటే ముందు పైన్ చెట్లూ, డెక్ స్తంభమూ, రెండు బారల తీగా కనబడ్డాయి. గట్టిగానే బిగించానా అనుకున్నాను.

డాక్టరు చెప్పింది. ఆపరేషను చేయొచ్చు, ఈ వయసులో ప్రమాదం ఉంది. చేయకుండా మందులతో నడపొచ్చు. శైలజ ఒక్కొక్క వాక్యం నిదానంగా తెలుగులో పెట్టింది. నల్గొండ యాసా కాదు, కాకినాడ యాసా కాదు, అత్తయ్యకు అందే మాట. అత్తయ్య తలూపుతూ వింది. తర్వాత నా వైపు చూడకుండా ఫోను వైపు వంగింది.

"అమ్మాయ్, ఆవిణ్ణి ఒక మాట అడుగు. కొయ్యకపోతే నేనెన్నాళ్ళుంటాను? మా కోడలు పక్కనుందని చూడొద్దు. ఉన్నది చెప్పమను."

నేను పక్కనుండి చెప్పినన్నాళ్ళూ ఆవిడ ఏ డాక్టరునూ ఈ ప్రశ్న అడగలేదు. నన్నూ అడగలేదు.

శైలజ ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది, కోడలి ముక్కతో సహా. డాక్టరు తల దించుకుంది. ఫోనులోంచి ఏ చప్పుడూ లేదు. లైను పోయింది. ఇప్పుడే పోవాలా, ఇక్కడే పోవాలా? సగం చెప్పించుకుని వెళ్ళిపోయిన ఆ పేరు తెలియని పెద్దమనిషి గుర్తొచ్చాడు. చెయ్యి ఫోను మీదికి వెళ్ళబోయింది.

లైను పోలేదు. డాక్టరు మాటలు వెతుక్కుంటోంది, శైలజ ఆ మాటల కోసం ఆగి ఉంది. అంతే.

"కచ్చితంగా చెప్పలేను అంటున్నారు అమ్మా" అంది శైలజ. "ఒక ఏడాది ఉండొచ్చు, రెండేళ్ళు ఉండొచ్చు. అంతకంటే ఎక్కువ ఉంటారని మాత్రం తను అనుకోవడం లేదు అంటున్నారు. చెప్పడానికి బాధగా ఉంది అంటున్నారు."

అత్తయ్య కాసేపు తన గాజులు చూసుకుంది. "బాధెందుకు, అడిగింది నేను కదా" అంది. "అయితే కొయ్యొద్దు. మందులు రాయమను. ఆ ఏడాదీ ఇంట్లో ఉంటాను." నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది గానీ నా వైపు తిరగలేదు. ఫోనుతోనే అంది, "నీ మాట చక్కగా ఉందమ్మా. పక్కగదిలోనే ఉన్నావా?"

శైలజ నియమం తప్పదు. ఆ ప్రశ్ననూ డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరు నవ్వి, లేదు, చాలా దూరంలో ఉన్నారు అంది. శైలజ అదీ తెలుగులో చెప్పింది. అత్తయ్య నమ్మలేదు.

సెలవు తీసుకుని బయటికి వస్తూ, నేను ఆపేలోపే, పక్కగది తలుపు తోసి లోపలికి తొంగి చూసింది. ఎవరూ లేరు. ఒక మంచం, ఒక కుర్చీ, వాన పడుతున్న కిటికీ. అటుగా వచ్చిన నర్సు "ఎవరు కావాలి?" అని అడిగింది.

"ఆ పిల్లకి వెళ్ళొస్తానని చెబుదామని" అంది అత్తయ్య తెలుగులో.

నర్సు నా వైపు చూసింది. తర్జుమా చేయడానికి నాకు నోరు పెగల్లేదు.